సిద్దిపేట నుండి దుబాయి విమాన ప్రయాణము

సిద్దిపేటలో విమానాశ్రయము లేదు. ఇక్కడి నుండి దుబాయి వెళ్ళువారు హైదరాబాదుకు దక్షిణమున శంషాబాదులో ఉన్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయములో విమానము ఎక్కుదురు. శంషాబాదు నుండి దుబాయి అంతర్జాతీయ విమానాశ్రయమునకు వాయుమార్గ దూరము సుమారు 2,550 కి.మీ. (1,375 నాటికల్ మైళ్ళు). నేరుగా వెళ్ళు విమానమునకు మూడుముప్పావు నుండి నాలుగు గంటలు పట్టును. సిద్దిపేట, సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతముల నుండి ఎంతోమంది పని కొరకు గల్ఫ్ దేశములకు వెళ్ళుచున్నందున ఈ మార్గము ఇక్కడివారికి బాగా పరిచితము.

దూరము, సమయము

పై దూరము భూగోళము మీద రెండు స్థానముల మధ్య గల అతి తక్కువ దూరము; దీనిని మహావృత్త దూరము అందురు. ఈ మార్గము పశ్చిమ వాయవ్యముగా సాగి, ముంబై పరిసరములలో తీరము దాటి, అరేబియా సముద్రము మీదుగా పోవును. గంటకు 850 కి.మీ. వేగముతో లెక్కించినచో మూడు గంటలే రావలెను. కాని రన్‌వే వరకు నడుచుట, పైకి లేచుట, దిగుట వలన సమయము పెరుగును. పోవునపుడు పడమటి గాలులు ఎదురగును, వచ్చునపుడు అవే వెనుక నుండి తోడ్పడును. అందుచేత తిరుగు ప్రయాణము సుమారు అరగంట తక్కువ. శీతకాలములో ఈ తేడా మరింత స్పష్టము.

దుబాయి గడియారము భారత కాలము కంటే గంటన్నర వెనుక. టికెట్టుపై ఉండునవి ఆయా ఊళ్ళ స్థానిక సమయములు. ఉదయము 10:00కు శంషాబాదులో బయలుదేరిన విమానము మూడుముప్పావు గంటలు ఎగిరి, అక్కడి కాలము ప్రకారము 12:15కు చేరును. టికెట్టు చూచి రెండుంబావు గంటల ప్రయాణమేనని భ్రమపడుట కద్దు.

విమానాశ్రయము చేరుట

సిద్దిపేట నుండి శంషాబాదు సరళరేఖలో సుమారు 105 కి.మీ. అయినను రాజీవ్ రహదారి, బాహ్య వలయ రహదారి మీదుగా 130 కి.మీ.కు పైగా ఉండును. 2008 మార్చి 23కు ముందు విమానములు బేగంపేట నుండి నడిచెడివి. అపుడు నగరమును దాటవలసిన పని లేకుండెను. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుండి సికింద్రాబాదుకు రైలు ప్రారంభమైనది, కాని అక్కడి నుండి శంషాబాదుకు మరల రోడ్డు ప్రయాణము తప్పదు.

అంతర్జాతీయ ప్రయాణమునకు మూడు గంటలు ముందుగా చేరవలెను; చెక్-ఇన్ సాధారణముగా గంట, గంటంబావు ముందే మూసివేయుదురు. కనుక నాలుగు గంటల విమానమునకు ఇల్లు విడిచినది మొదలు పది గంటలైనా లెక్కించుకొనవలెను. అర్ధరాత్రి దాటిన విమానముల విషయములో తేదీ ముఖ్యము. 15వ తేదీ 00:30 అని ఉన్నచో 14వ తేదీ సాయంత్రమే బయలుదేరవలెను. ఇది గమనింపక మరునాడు వచ్చినవారికి అప్పు చేసి కొన్న టికెట్టు వృథా కాగలదు.

150 కి.మీ. నిబంధన

శంషాబాదు విమానాశ్రయ ఒప్పందము ప్రకారము, అది ప్రారంభమైన 25 ఏండ్ల వరకు 150 కి.మీ. వాయుదూరములో పోటీ విమానాశ్రయమును అభివృద్ధి చేయరాదు. సిద్దిపేట ఈ పరిధిలోనిదే. వరంగల్లు సమీపమున నిజాం కాలము నాటి మామునూరు విమానాశ్రయము కూడ ఈ పరిధిలో ఉన్నందున నిర్వాహక సంస్థ సమ్మతి అవసరమైనది. ఆ సమ్మతి లభించిన పిదప 2025లో కేంద్ర ప్రభుత్వము మామునూరు పునరుద్ధరణకు అనుమతించినది. సిద్దిపేట నుండి మామునూరు సరళరేఖలో సుమారు 80 కి.మీ.