నార్నియా పుస్తకాల పఠన క్రమం

ది క్రానికల్స్ ఆఫ్ నార్నియా బెల్‌ఫాస్ట్‌లో జన్మించిన రచయిత సి.ఎస్. లూయిస్ (1898 - 1963) బాలల కొరకు ఆంగ్లంలో రచించిన ఏడు ఫాంటసీ నవలల మాలిక. ఇవి 1950 నుండి 1956 వరకు ఏడాదికొకటి చొప్పున వెలువడినవి. అయితే ఇవి వెలువడిన క్రమం వేరు, వీటిలోని కథ జరిగిన క్రమం వేరు. అందువలన ఏ పుస్తకంతో ప్రారంభించాలి, దాని తరువాత ఏది చదవాలి అనే విషయమై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

రెండు క్రమాలు

ప్రచురణ క్రమంలో పుస్తకాలు, కథాక్రమంలో వాటి స్థానాలు:

1. ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్ (1950) - 2
2. ప్రిన్స్ కాస్పియన్ (1951) - 4
3. ది వాయేజ్ ఆఫ్ ది డాన్ ట్రెడర్ (1952) - 5
4. ది సిల్వర్ చెయిర్ (1953) - 6
5. ది హార్స్ అండ్ హిజ్ బాయ్ (1954) - 3
6. ది మెజీషియన్స్ నెఫ్యూ (1955) - 1
7. ది లాస్ట్ బ్యాటిల్ (1956) - 7

నార్నియా సృష్టిని వర్ణించేది ఆరవ పుస్తకం. ఐదవ పుస్తకంలోని కథ మొదటి పుస్తకం చివరి అధ్యాయంలో పేర్కొన్న పరిపాలనా కాలంలోనే జరుగుతుంది.

వివాదం

అమెరికాలో మాక్‌మిలన్ సంస్థ వేసిన ముద్రణలలో ప్రచురణ క్రమాన్ని బట్టి సంఖ్యలు ఉండేవి. 1994లో హార్పర్‌కాలిన్స్ సంస్థ వాటిని కథాక్రమానికి మార్చింది. దీనికి ఆధారంగా లూయిస్ 1957లో ఒక అమెరికా బాలునికి వ్రాసిన ఉత్తరాన్ని చూపుతారు. ఆ బాలుడు కథాక్రమాన్ని ఇష్టపడగా, అతని తల్లి ప్రచురణ క్రమమే సరియైనదని భావించింది. లూయిస్ బాలుని వైపే మొగ్గు చూపాడు. కాని మొదటి పుస్తకం వ్రాసినప్పుడు మరిన్ని వ్రాయాలనే ఆలోచన తనకు లేదని, ఏ క్రమంలో చదివినా పెద్ద తేడా ఉండకపోవచ్చునని కూడా అందులో తెలిపాడు.

ప్రచురణ క్రమాన్ని సమర్థించేవారు పుస్తకాలలోని ఆధారాలనే చూపుతారు. మొదటి పుస్తకంలో అస్లాన్ పేరు వినబడినప్పుడు, అతడెవరో ఆ పిల్లలకే కాదు, పాఠకునికీ తెలియదని కథకుడు అంటాడు. మెజీషియన్స్ నెఫ్యూను ముందే చదివినవారికి ఈ మాట పొసగదు. మంచు కురిసే అడవిలో లూసీకి కనబడే దీపస్తంభం కూడా అటువంటిదే. అది అక్కడికి ఎలా వచ్చిందో ముందే తెలిస్తే ఆ ఆశ్చర్యం మిగలదు. పైగా మెజీషియన్స్ నెఫ్యూ ప్రారంభ వాక్యాలు పాఠకునికి నార్నియా అప్పటికే పరిచయమని భావించి వ్రాసినవి.

కథాక్రమంలో చదివితే నార్నియా చరిత్ర పుట్టుక నుండి అంతం వరకు వరుసగా తెలుస్తుంది. కావున మొదటిసారి ప్రచురణ క్రమంలోను, రెండవసారి కథాక్రమంలోను చదవడం ఉభయతారకం. ఏ క్రమంలోనైనా ది లాస్ట్ బ్యాటిల్ చివరిదే. దీనికి 1956 సంవత్సరపు కార్నెగీ పతకం లభించింది.

తరువాత చదవదగినవి

లూయిస్ మిత్రుడైన జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన ది హాబిట్ (1937), దాని తరువాత ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ (1954 - 55) చదవవచ్చు. రెండవది మూడు సంపుటాలుగా వెలువడినప్పటికీ ఒకే నవల; కనుక సంపుటాల వరుస మార్చరాదు. ఉర్సులా లె గ్విన్ రచించిన ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ (1968), ది టూంబ్స్ ఆఫ్ అటువాన్ (1971), ది ఫార్దెస్ట్ షోర్ (1972) నవలలలో ప్రచురణ క్రమం, కథాక్రమం ఒకటే కాబట్టి ఇటువంటి సందేహానికి తావు లేదు.

ఇవి కూడా చూడండి

* సి.ఎస్. లూయిస్
* జె.ఆర్.ఆర్. టోల్కీన్
* బాల సాహిత్యం