కృత్రిమ మేధయు న్యాయవాద శిక్షణయు

న్యాయవాద వృత్తియందు నూతనముగా ప్రవేశించిన జూనియరు తొలి సంవత్సరములలో చేయు పని చూచువారికి మిక్కిలి నీరసముగా తోచును. సీనియరు సూచించిన అంశమునకై తీర్పుల సంపుటములను వెదకుట, దొరికిన తీర్పులోని వాస్తవములను తన వ్యాజ్యములోని వాస్తవములతో సరిచూచుట, దావాకు ముసాయిదా వ్రాసి, సీనియరు కొట్టివేసిన భాగములను మరల వ్రాయుట మొదలగునవియే ఆ పనులు. కృత్రిమ మేధాయంత్రములు నేడు మొట్టమొదట తమవిగా చేసికొనుచున్నవి యీ పనులనే. శ్రమ తగ్గుట లాభమే యైనను, మన దేశమున న్యాయవాద శిక్షణ ఆ శ్రమనే ఆశ్రయించి నిలిచియున్నందున, శ్రమతోపాటు శిక్షణయు జారిపోవు ప్రమాదము కలదని నిరూపించుట యీ వ్యాసమునకు ఉద్దేశ్యము.

ఈ విషయమున లోకమునకు తొలి హెచ్చరికగా నిలిచినది న్యూయార్కు ఫెడరల్ జిల్లా న్యాయస్థానమున నడచిన మాటా–అవియాంకా వ్యాజ్యము. విమానములో వడ్డనబండి తగిలి గాయపడితి నని ఒక ప్రయాణికుడు అవియాంకా సంస్థపై దావా వేయగా, కాలపరిమితి దాటినదని ప్రతివాది ఆక్షేపించెను. వాది పక్షమువారు సమర్పించిన సమాధానమున చాట్‌జీపీటీ కల్పించిన ఆరు తీర్పులు ఉదాహరింపబడినవి. వానిలో నొక్కటియు ఏ న్యాయస్థానమునను వెలువడినది కాదు. వానిలో నొక తీర్పు నిజమైనదేనా యని న్యాయవాది ఆ యంత్రమునే ప్రశ్నించి, అది ఔనని చెప్పగా తృప్తి నొందెను. 2023 జూన్ 22న న్యాయమూర్తి కెవిన్ క్యాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా విధించి, ఆ కల్పిత తీర్పులకు కర్తలుగా పేర్కొనబడిన న్యాయమూర్తులకు లేఖలు వ్రాయవలసినదిగా కూడ ఆదేశించెను. నమ్మదగిన యంత్రమును సహాయముగా గొనుట దోషము కాదనియు, తాను సమర్పించు పత్రమునందలి సత్యమునకు న్యాయవాది పూచీదారుడై యుండవలెననియు ఆ ఉత్తర్వు సారాంశము.

ఇట్టి ప్రమాదమునకు మూలము యంత్రస్వభావమునందే యున్నది. భాషాయంత్రము, తాను పఠించిన అపార వాఙ్మయమున ఏ పదము వెనుక ఏ పదము వచ్చు సంభావ్యత అధికమో గణించి వాక్యము నల్లును. కక్షిదారుల పేర్లు, సంవత్సరము, సంపుటము, పుట అను నియతరూపము గల ఉదాహరణను అనుకరించుట దానికి సులభము. ఆ పుటలో యథార్థముగా ఏమున్నదో పరిశీలించు బాధ్యత దానికి లేదు. తీర్పుల సంచయములతో అనుసంధింపబడిన వృత్తిపర యంత్రములు కొంత మేలైనవే; అయినను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో పరీక్షింపగా, ప్రసిద్ధములైన రెండు సంస్థల యంత్రములు నూటికి 17 మొదలు 33 వరకు ప్రశ్నలకు దోషయుక్తమైన సమాధానము నిచ్చినవి. ఈ దోషములలో కొన్ని మఱింత సూక్ష్మమైనవి: తీర్పు నిజమైనదే, కాని యంత్రము చెప్పిన సూత్రమును అది సమర్థింపదు. లేని తీర్పును పట్టుటకు సూచిక చాలును. ఉన్న తీర్పు చెప్పని మాటను పట్టుటకు తీర్పును ఆసాంతము చదివి, నిర్ణయహేతువును ప్రాసంగిక వ్యాఖ్య నుండి వేఱుచేయగల వివేకము కావలెను.

మన న్యాయస్థానములు యంత్రమును నిరాకరింపలేదు. సుప్రీంకోర్టు 2019లో అనువాదమునకై సువాస్‌ను, 2021లో పరిశోధనకు తోడ్పడు సుపేస్‌ను ప్రవేశపెట్టెను. 2023 జనవరిలో సుమారు 34,000 తీర్పులతో సుప్రీంకోర్టు తీర్పుల సంచయమగు ఇ-ఎస్‌సీఆర్ ఉచితముగా అందుబాటులోనికి వచ్చుటచే, వెల యిచ్చి సంచయములు కొనలేని జిల్లాకోర్టు న్యాయవాదికి మూలమును చూడలేకపోతి నను సాకు చాలవఱకు తొలగినది. హద్దులును ఏర్పడుచున్నవి: 2025 జూలైలో కేరళ హైకోర్టు తన అధీన న్యాయవ్యవస్థకు ప్రకటించిన విధానము, నిర్ణయములకును తీర్పులకును కృత్రిమ మేధను వినియోగింపరాదని శాసించినది. కాని యీ నియమములన్నియు న్యాయాధికారులను, వృత్తిలో నిలద్రొక్కుకొన్నవారిని ఉద్దేశించినవి. వృత్తిలోనికి వచ్చుచున్నవాని శిక్షణను గూర్చి యివి మౌనముగా నున్నవి.

ఆ మౌనము మన దేశమున విశేషముగా హానికరము. 1961 నాటి న్యాయవాదుల చట్టమున మొదట నమోదుకు పూర్వము శిక్షణయు, పరీక్షయు విధింపబడియుండగా, 1973 సవరణచే ఆ నిబంధన తొలగింపబడినది. 1995లో బార్ కౌన్సిల్ తిరిగి ఏర్పఱచిన శిక్షణా నియమములను సుప్రీంకోర్టు 1999లో సుధీర్ వ్యాజ్యమున కొట్టివేసినది. తరువాత వచ్చిన అఖిల భారత బార్ పరీక్ష జ్ఞానమును పరీక్షించునే గాని అనుభవము నొసగదు. కావున ఇన్నాళ్లును శిక్షణ యన్నది సీనియరు ఆఫీసుకే విడిచిపెట్టబడినది. సీనియరు జూనియరును చేర్చుకొనుట విద్యాదాన సంకల్పముచే మాత్రమే కాదు; సంపుటములు వెదకి, ముసాయిదాలు వ్రాయు చేతులు ఆయనకు అవసరమైనందున. ఆ అవసరమును యంత్రము తీర్చిన నాడు, శాసనాధారము లేని యీ గురుకులమునకు ఆర్థికాధారము కూడ పోవును. అపుడు యంత్రము చేయు తప్పును పట్టగల వివేకము అలవడు చోటే లేకుండ పోవును.

పరిహారమునకు మార్గము మూసికొనిపోలేదు. సుధీర్ వ్యాజ్యమునందలి తీర్పు సరియైన న్యాయస్థితిని తెలుపదని 2023 ఫిబ్రవరిలో పంచసభ్య రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినందున, బార్ కౌన్సిల్ చేతులకు వెనుకటి బంధము లేదు. న్యాయకళాశాలలలో యంత్రము వ్రాసిన వాదపత్రము నొకదానిని విద్యార్థి కొసగి, అందలి ప్రతి ఉదాహరణను మూలమున చూచి, తీర్పు ఆ సూత్రమును నిజముగా సమర్థించునా లేదా యని కారణసహితముగా వ్రాయించుట పరీక్షలో భాగము కావలెను. నమోదైన పిదప కొంతకాలము సీనియరు పర్యవేక్షణలో, యంత్రసహాయము లేకుండ వ్రాసిన ముసాయిదాలను దిద్దించుకొను శిక్షణ విధింపబడవలెను. ఆ కాలమున జూనియరుకు భృతి యేర్పాటును ఆ నియమములోనే చేరవలెను. లేనిచో ధనికుల బిడ్డలకు మాత్రమే అది సాధ్యమగును. యంత్రముచే సీనియర్లకు మిగిలిన కాలమున కొంత భాగమైనను జూనియర్ల ముసాయిదాలు దిద్దుటకు వెచ్చింపబడునట్లు చేయుట బార్ కౌన్సిల్ తక్షణ కర్తవ్యము.