సముద్రము లేని నగరమున సముద్రపు గడియారము

ఢిల్లీ మహానగరమునకు యమున యున్నది గాని సముద్రము లేదు. ఇచ్చటివారు కడలి అలను చూడవలెనన్నచో సుమారు 1,000 కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను. 2010లో కామన్వెల్తు జలక్రీడలు జరిగిన తాల్‌కటోరా వంటి ప్రాంగణములందు 10 మీటర్ల యెత్తునుండి దుముకువారికి సైతము 5 మీటర్ల లోతుగల కొలను చాలును. అయినను కన్నాట్ ప్లేసు మొదలుకొని గురుగ్రాము వఱకుగల పెద్ద దుకాణముల అద్దపు బీరువాలలో 300 మీటర్ల లోతున సైతము నీరు చొరనీయని చేతిగడియారములు మెఱయుచున్నవి. వ్యవహారమున వీనినే డైవింగు వాచీలందురు. కడలి లోతులలో పనిచేయువారికొఱకు పుట్టిన పరికరము రాజధానీవాసుల మణికట్టునకు ఆభరణమెట్లయ్యెను? ఆ యాభరణమును ధరించువానిని రాజ్యము ఏయే కాలములందు ఏ దృష్టితో చూచెను? ఈ ప్రశ్నలకు సమాధానము మన ఆర్థిక చరిత్రలో నొక చిన్న అధ్యాయము.

ఢిల్లీలో కాలమును తెలిసికొనుట చిరకాలము బహిరంగ వ్యవహారముగా నుండెను. 1724 ప్రాంతమున సవాయి జయసింహుడు నిర్మింపజేసిన జంతర్ మంతర్‌లోని సమ్రాట్ యంత్రము సూర్యుని నీడచే స్థానిక కాలమును చూపెడిది. పందొమ్మిదవ శతాబ్దమున చాందినీ చౌకులో గడియార స్తంభము వెలసెను. అది 1951లో కూలిపోయినను ఆ తావునకు ఘంటాఘర్ అను పేరు పోలేదు. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చెను. దానికాధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ఉత్తరమున మిర్జాపురమునకును, తెలుగునేలపై కాకినాడకును సమీపముగా పోవుచున్నది. నేడు ఆ కాలమును పరమాణు గడియారములతో పరిరక్షించుచున్నది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. నీడయు, గంటయు, పరమాణువును అందఱివి. చేతిగడియారము మాత్రము ఒక్కనిది. కనుకనే అది యెవ్వనిది, ఎచ్చటినుండి వచ్చినది యను ప్రశ్నకు తావు కలిగినది.

గడియారమునకు నీరు ఆదినుండియు శత్రువు. కీ ఇచ్చు చోటనుండి లోనికి పోయిన ఒక్క తేమచుక్క చాలును, సన్నని ఉక్కుచక్రములు తుప్పుపట్టుటకు. 1926లో రోలెక్సు సంస్థ మరవలె బిగియు కీగల ఆయిస్టరు పెట్టెను వెలువరించెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్సే అను ఆంగ్లవనిత ఇంగ్లీషు కాలువను రెండవమారు ఈదబూనినపుడు అట్టి గడియారమును మెడలో ధరించి 10 గంటలకు పైగా చల్లని నీటిలో నుండెను. ఆమె ఆవలి యొడ్డు చేరలేకపోయెను. గడియారము మాత్రము నిలువక నడచెను. 1943లో ఫ్రాన్సు దేశమున కుస్తో, గాన్యాన్ అనువారు ఆక్వాలంగు అను శ్వాసపరికరమును సిద్ధము చేసిరి. మనుష్యుడు గాలిని వీపున కట్టుకొని సముద్రములోనికి దిగగలిగెను. అయితే ఆ గాలి యెంతసేపు వచ్చునో లెక్కించుకొనవలసిన అవసరమును వెంటనే కలిగెను. ఫ్రెంచి నౌకాదళపు ఈతగాండ్రయిన మలూబియే, రిఫో అను సైనికాధికారుల అవసరము ననుసరించి బ్లాంక్‌పేన్ సంస్థ 1953లో ఫిఫ్టీ ఫాథమ్స్ అను గడియారమును రూపొందించెను. రోలెక్సువారి సబ్‌మెరైనరును ఆ సంవత్సరపుదే.

ఈ గడియారము మీది వెలుపలి వలయమును సామాన్యులు అలంకారమనుకొందురు. కాని సర్వస్వము అందే యున్నది. ఈతగాడు నీటిలో దిగునపుడు వలయము మీది గుర్తును నిమిషముల ముల్లునకు ఎదురుగా త్రిప్పును. పిదప ఎన్ని నిమిషములు గడచినవో చూపుమాత్రమున తెలియును. ఆ వలయము ఒకే దిక్కునకు తిరుగునట్లు చేయుటలో గొప్ప వివేకమున్నది. పొరపాటున రాతికి తగిలి కదలినను గడచిన కాలము ఎక్కువగానే కనబడునుగాని తక్కువగా కనబడదు. మనుష్యుడు ముందుగా పైకి వచ్చునే గాని ఆలసింపడు. యంత్రము తప్పినను ప్రాణము వైపే తప్పవలెనను ధర్మము దాని నిర్మాణములో నిమిడియున్నది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. ఆ యొత్తిడిలో ఎక్కువసేపుండి ఒక్కుమ్మడిగా పైకి వచ్చినవాని రక్తమున నత్రజని బుడగలు కట్టి ప్రాణమునకే ముప్పు తెచ్చును. 1971 డిసెంబరులో విశాఖపట్టణపు రేవు వెలుపల మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ శిథిలమును గుర్తించుటకు మన నౌకాదళపు గజఈతగాండ్రు సముద్రగర్భమునకు దిగిరి. అట్టివారికి నిమిషమన్నది జీతపు లెక్క కాదు, ఊపిరి లెక్క.

ఇట్టి గడియారముల చరిత్రలో భారతదేశముతో దీర్ఘ సంబంధముగల పేరు ఫేవర్ ల్యూబా. 1737లో స్విట్జర్లాండులోని లె లోక్ల్ పట్టణమున మూలములు గల ఈ సంస్థ 1865లోనే మన దేశమున వ్యాపారము ప్రారంభించెను. ఇరువదవ శతాబ్ది మధ్యమున దాని పేరు మన మధ్యతరగతి గృహములకు సుపరిచితము. తెలుగునాట పెండ్లిలో అల్లునికి పెట్టు కానుకలలో సైకిలు, రేడియోలతోపాటు చేతిగడియారమును ముఖ్యస్థానము వహించిన కాలమది. ఆ సంస్థయే 1962లో ఎత్తును కొలుచు బివాకును, 1968లో లోతును కొలుచు బాథీ గడియారమును వెలువరించెను. బాథీ గడియారము ఈతగాడు 50 మీటర్ల వఱకు ఎంత లోతున నున్నాడో ముల్లుతో చూపెడిది. మన పెండ్లిపందిళ్ల కానుకకును, మహాసముద్రపు పరికరమునకును ఒక్కటే పేరుండుట విశేషము.

అయితే బాథీ వెలువడునాటికి భారతదేశపు ద్వారములు విదేశీ వస్తువులకు ఇంచుమించు మూతపడియుండెను. రెండవ పంచవర్ష ప్రణాళికా కాలమున, 1957 నుండి, విదేశీ మారకద్రవ్యమునకు తీవ్రమైన కొరత యేర్పడెను. యంత్రములకును ధాన్యమునకును చాలని ద్రవ్యమును మణికట్టు సొగసులకు వ్యయింపరాదని ప్రభుత్వము తలచుట సహజమే. ఆ తలంపునకు నిర్మాణాత్మక రూపమే హెచ్.ఎం.టి. గడియారము. 1953లో యంత్రములను చేయుటకు ఏర్పడిన హిందుస్థాన్ మెషిన్ టూల్సు సంస్థ 1961లో జపానుదేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరున గడియారముల తయారీకి పూనుకొనెను. అందు ప్రసిద్ధమైనదానికి జనతా అని పేరు. ఆ పేరే ఒక విధానప్రకటన.

మఱియొక వైపున 1962 నాటి కస్టమ్సు చట్టము నిలిచెను. దాని 123వ సెక్షను బంగారముతోపాటు గడియారములను పేరుపెట్టి పేర్కొన్నది. దొంగరవాణా సరుకని సహేతుకమైన నమ్మకముతో అధికారులు ఒక గడియారమును స్వాధీనపఱచుకొన్నచో, అది దొంగసరుకు కాదని నిరూపించు భారము దానిని కలిగియున్నవాని మీదనే పడును. సామాన్య న్యాయమున నేరమును మోపినవాడే నిరూపింపవలెను. ఇచ్చట ధరించినవాడు నిరూపింపవలెను. ముంబయి తీరమున దిగిన దొంగసరుకు దేశమంతట అంగళ్లలో రహస్యముగా అమ్ముడగుచున్న దినములలో ఈ నిబంధనకు బలమైన కారణమున్నది. కాని దాని ఫలితముగా విదేశీ గడియారమునకు రసీదు లేనిదే గౌరవము లేకపోయెను. సముద్రపు నీరు చొరని పెట్టెలోనికి అనుమానము సులభముగా చొచ్చెను.

కేంద్రప్రభుత్వోద్యోగికి ఈ విషయమున మఱియొక కట్టుబాటు గలదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 13వ నియమము కానుకలను గూర్చియు, 18వ నియమము చరస్థిరాస్తులను గూర్చియు విధించుచున్నది. 2011 సవరణ ననుసరించి, రెండు నెలల మూలవేతనమును మించిన విలువగల చరాస్తి లావాదేవీని ఒక నెలలోగా నిర్ణీతాధికారికి తెలుపవలెను. ఈ నియమము ఎవ్వరిని సొగసుగా నుండవద్దనలేదు. చెప్పగలిగినదానినే ధరింపుమని మాత్రము చెప్పుచున్నది. ఒక అధికారి చేతి గడియారము కాలముతోపాటు అతని నడవడిని గూడ చూపునని ఆ నియమకర్తల భావము కావచ్చును.

కాలక్రమమున రెండు మార్పులు వచ్చెను. మొదటిది సముద్రములో. 1980 దశకమునుండి లోతును, కాలమును, పైకి రావలసిన వేగమును తానే గణించు చిన్న కంప్యూటర్లు ఈతగాండ్ర చేతికి వచ్చెను. మరలతో నడచు డైవింగు వాచీకి పని తగ్గెను. విచిత్రముగా వెల పెరిగెను. పని పోయిన పరికరము ప్రతిష్ఠాచిహ్నముగా మారెను. రెండవది మన దేశమున. 1984లో స్థాపితమైన టైటాను సంస్థ పలుచని క్వార్ట్జు గడియారములతో ప్రజల అభిరుచిని మార్చెను. 1991 తరువాత దిగుమతుల కట్టడి క్రమముగా సడలెను. 2008లో వసంత్ కుంజ్‌లో ఎంపోరియో విపణి తెఱవబడెను. ఒకనాడు రహస్యముగా చేతులు మారిన సరుకు చలువరాతి నేలపై దీపకాంతిలో నిలిచెను. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. గడియారముల శాఖాసంస్థను మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము ఆమోదించెను.

వింత యేమనగా, బాథీని సృష్టించిన ఫేవర్ ల్యూబాను 2011లో టైటానువారే కొనిరి. 2023లో అది మఱియొక భారతీయ సంస్థయగు ఈథోసువారి అనుబంధసంస్థకు చేరి, 2024లో జెనీవాలో తిరిగి వెలుగు చూచెను. దిగుమతి చేసికొనుటయే దుర్లభమైన గడియారమునకు భారతీయులే యజమానులైరి. 2024 మార్చి 10న స్విట్జర్లాండు సభ్యదేశముగాగల ఎఫ్టా కూటమితో న్యూఢిల్లీలో వాణిజ్య ఒప్పందము జరిగెను. అది 2025 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను. దాని ననుసరించి స్విస్ గడియారములపై సుంకము క్రమముగా తగ్గవలసియున్నది. అయినను రాజ్యము తన చూపును పూర్తిగా మరల్చుకొనలేదు. 2025 ఏప్రిలు 22 నుండి 10 లక్షల రూపాయలు మించిన చేతిగడియారము అమ్మకముపై విక్రేత నూటికొక్క వంతు ఆదాయపు పన్నును మూలముననే వసూలు చేయవలెనని విధింపబడెను. అడ్డుకొను కాలము పోయి, నమోదు చేయు కాలము వచ్చినది.

ఈ చరిత్రనుండి గ్రహింపదగినదేమి? విలాసవస్తువును నిందించుట సులభము; దానిని కోరుటయు సులభము. దాని పుట్టుకను తెలిసికొనుట కొంచెము కష్టము. ఇరువదియైదేండ్ల కొలువు తరువాత తన కష్టార్జితముతో ఒక డైవింగు వాచీని కొని, రసీదును భద్రపఱచి, నియమానుసారము తెలియజేసి ధరించు ఉద్యోగియందు దోషమేమియు లేదు. అతడు తాల్‌కటోరా కొలనునైనను దిగకపోవచ్చును. కాని ఆ వలయము ఒకే దిక్కునకు ఏల తిరుగునో ఎఱిగినచో ఆ వస్తువు అతనికి నిజముగా స్వంతమగును. పొరపాటు జరిగినను అపాయము వైపు గాక క్షేమము వైపే జరుగునట్లు యంత్రమును మలచిన ఆ పనివారి బుద్ధి, ప్రజల ద్రవ్యమును, ప్రజల కాలమును చేతబట్టినవారికిని అనుసరణీయమే. గడియారము ఖరీదు రసీదులో నుండును. దాని విలువ ధరించినవాడు లెక్కించు నిమిషములలో నుండును.