గడిలో పట్టని అక్షరం

‘స్త్రీ’ అని కాగితం మీద రాసేటప్పుడు మన చెయ్యి ముందు ‘సీ’ రాస్తుంది. ఆ తర్వాత కిందికి దిగి తవత్తు పెట్టి, దానికి క్రావడి చుడుతుంది. కంప్యూటరు మెమరీలో ఈ మాట ఇంకో వరసలో ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. మొత్తం ఆరు సంకేతాలు. ఆఖర్న ఉన్న గుడిదీర్ఘం ఎక్కడో మొదట్లో ఉన్న ‘స’ దగ్గరికి వెళ్ళి, దాని తలకట్టు తీయించి, అక్కడ తాను కూర్చోవాలి. పలికే వరస వేరు, రాసే వరస వేరు. ఓనమాలు దిద్దిన చేతికి ఈ తేడా తెలియకుండానే తెలుసు. యంత్రానికి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న ప్రశ్నతోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. తెరమీద రాతను గీసే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేసుల చరిత్ర అంతా కూడా నాకు ఆ ఒక్క ప్రశ్నగానే కనిపిస్తుంది.

ఇంటర్‌ఫేసు అంటే రెండు ప్రోగ్రాముల మధ్య ఒప్పందం. ఈ పేరుతో పిలువు, ఫలానా వివరాలు ఇవ్వు, ఫలానా పని చేసిపెడతాను అని ఒకటి చెబుతుంది, రెండోది ఆ మాట నమ్ముకుని నడుస్తుంది. ఒకసారి బయటికి వెళ్ళిన ఒప్పందాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం, దాని మీద అప్పటికే వేల ప్రోగ్రాములు ఆధారపడి ఉంటాయి. అందుకే ఆ ఒప్పందం రాసిన రోజున రాసినవాళ్ళ మనసులో ఏ లిపి ఉందన్నది చిన్న విషయం కాదు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీతో మొదలుపెడతాను. దాని మోనోక్రోమ్ తెర మీద 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు. ఒక్కో గడి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు. తెర కార్డు మీద ఉన్న చిప్పులో 256 బొమ్మలు ముందే చెక్కి ఉండేవి. ప్రోగ్రాము ఒక బైటులో అక్షరం సంకేతం, ఇంకో బైటులో అది మామూలుగా కనిపించాలా మెరిసిపోతూ కనిపించాలా అన్నది రాసేస్తే చాలు, మిగతాది చిప్పు చూసుకునేది. ఒక సంకేతానికి ఒక బొమ్మ, ఒక బొమ్మకి ఒక గడి. ఇంగ్లీషుకి ఇది సరిపోయింది. తెలుగుకి ఆ లెక్కలో చోటే లేదు. ‘స్త్రీ’లో ఆరు సంకేతాలు కలిసి ఒక అక్షరం, ‘కై’లో ఐత్వానికి ఒకటే సంకేతం, కానీ పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. ఎటునుంచి లెక్కపెట్టినా ఒకటికి ఒకటి కుదరదు.

ఈ చిక్కును మన దేశంలో ఆ రోజుల్లోనే అర్థం చేసుకున్నవాళ్ళు ఉన్నారు. కాన్పూరు ఐఐటీలో పుట్టి, తర్వాత పుణెలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ సాంకేతికత పీసీలో ఒక కార్డుగా కూర్చునేది. పైనుంచి వచ్చే సంకేతాలను పట్టుకుని భారతీయ లిపుల్లోకి అదే మలిచి గీసేది. దాని వెనక ఉన్న సంకేతాల పట్టిక ఇస్కీ. 1991లో అది ఐఎస్ 13194 పేరుతో జాతీయ ప్రమాణం అయింది. దాచేది ధ్వనిని, ఆకారం గీసే వేళ తేల్చుకుందాం అన్నది దాని సూత్రం. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా పెద్ద ఆలోచన మరొకటి లేదు. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి కూర్పు మన లిపుల అమరికను 1988 నాటి ఇస్కీ నుంచే తీసుకుంది. మీ ఫోనులో ఇవాళ తెలుగు ఆ వరసలోనే దాగి ఉంది.

ఈలోగా బొమ్మల తెరలు, వాటితోపాటు రాత గీసే కొత్త ఇంటర్‌ఫేసులు వచ్చాయి. 1984లో మెకింటోష్‌తో క్విక్‌డ్రా, 1985లో విండోస్‌తో టెక్స్ట్ అవుట్, 1987లో యూనిక్స్ యంత్రాల కోసం ఎక్స్ 11లో ఎక్స్ డ్రా స్ట్రింగ్. గడులు పోయాయి, ఇంగ్లీషు ‘ఐ’కి తక్కువ చోటు, ‘డబ్ల్యూ’కి ఎక్కువ చోటు దక్కింది. కానీ ఒప్పందం లోపలి మూస మారలేదు. ఈ చోట మొదలుపెట్టి ఈ బైట్లు గీయి అని ప్రోగ్రాము అంటుంది. గీసేవాడు ఒక్కో బైటుకి ఫాంటులోంచి ఒక బొమ్మ తీసి పెట్టి, దాని వెడల్పు మేర కలాన్ని కుడికి జరుపుతాడు. ఎక్స్ 11 ఫాంటులో ఒక్కో అక్షరానికి ఎడమ అంచు, కుడి అంచు, వెడల్పు, ఎత్తు, లోతు అని కొలతల పట్టిక ఉండేది. వాక్యం ఎంత పొడవో తెలియాలంటే వెడల్పులన్నీ కూడుకోవడమే. మొదటి మెకింటోష్‌కి ఉన్న మెమరీ మొత్తం 128 కిలోబైట్లు. అంత ఇరుకులో అంత అందంగా రాత గీసినవాళ్ళను నేను తప్పుపట్టలేను. అయినా అక్షరాల వెడల్పులు కూడితే వాక్యం వెడల్పు వస్తుందన్న ఆ నమ్మకం తర్వాతి ఇరవై ఏళ్ళు మనల్ని ఇబ్బంది పెట్టింది.

ఆ ఒప్పందం మనకోసం మారదని తేలాక మనవాళ్ళు తెలుగునే దానికి తగ్గట్టు ముక్కలు చేశారు. తొంభైల్లో గుంటూరు అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో కూర్చుని నేను నేర్చుకున్న తెలుగు అది. పేజ్‌మేకర్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు నింపిన ఫాంటు ఎంచుకునేవాళ్ళం. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వెడల్పాటి అక్షరం కిందికి ఒక వత్తు, సన్నటి అక్షరం కిందికి అదే వత్తు ఇంకో కొలతలో. ఏ అక్షరం కింద ఏ ముక్క నప్పుతుందో ఆపరేటరు వేళ్ళకి తెలిసేది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కవితా సంపుటాలు అన్నీ ఆ వేళ్ళ మీదుగానే అచ్చుకి వెళ్ళాయి. ఆ పనివాళ్ళ నైపుణ్యం మీద నాకు ఇప్పటికీ గొప్ప గౌరవం. ఆకారాన్ని తేల్చే పని యంత్రం చేయలేదు కాబట్టి మనుషులు చేశారు.

దానికి మూల్యం ఫైళ్ళలో పడింది. ఆ ఫైలులో ఉన్నది తెలుగు కాదు, ఫలానా ఫాంటులో ఫలానా స్థానాలు. ఫాంటు మారిస్తే పేజీ అంతా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. ఒక మాట వెతకాలన్నా, పేర్లను అకారాదిగా పేర్చాలన్నా వీలయ్యేది కాదు. పత్రికల వెబ్‌సైట్లు కూడా చాలాకాలం ఎవరి ఫాంటు వారిదే అన్నట్టు నడిచాయి. ఆ ఏళ్ళలో కంపోజైన పుస్తకాలు ఎన్నో ఇప్పటికీ యూనికోడ్‌లోకి రాలేదు. వచ్చినవాటిని కూడా ఒక్కో ఫాంటుకి ఒక్కో మార్పిడి పట్టిక రాసుకుంటూ ఓపికమంతులు తెచ్చారు.

మలుపు ఓపెన్‌టైప్‌తో వచ్చింది. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించిన ఈ ఫాంటు రూపంలో బొమ్మలతోపాటు నియమాలు కూడా ఉంటాయి: ఈ రెండూ పక్కపక్కన వస్తే ఈ ఒక్కటి పెట్టు, ఈ వత్తును ఇంత కిందికి దించు. ఆ నియమాలను చదివి అమలుచేసేవాడు కావాలి కదా. విండోస్ 2000లో ఆ పని యూనిస్క్రైబ్‌ది. దాని ఇంటర్‌ఫేసు మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం గుర్తుంది. ‘గీయి’ అన్న ఒక్క పిలుపు అక్కడ నాలుగైంది. స్క్రిప్ట్ ఐటమైజ్ వాక్యాన్ని లిపుల వారీగా విడదీస్తుంది. స్క్రిప్ట్ షేప్ సంకేతాలు తీసుకుని ఏ బొమ్మలు కావాలో తేలుస్తుంది. స్క్రిప్ట్ ప్లేస్ వాటి చోట్లు చెబుతుంది. స్క్రిప్ట్ టెక్స్ట్ అవుట్ చివరికి గీస్తుంది. సంకేతం వేరు, బొమ్మ వేరు అని ఒప్పందం స్వయంగా ఒప్పుకుంది. క్లిక్ చేసిన చోట ఏ అక్షరం ఉందో, ఏ అక్షరం దగ్గర కర్సరు నిలబడాలో చెప్పే పిలుపులు కూడా అందులో ఉన్నాయి. మొదట దేవనాగరి, తమిళం వచ్చాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది.

అప్పుడొక విచిత్రం జరిగింది. పాత టెక్స్ట్ అవుట్ పిలుపును కూడా విండోస్ లోపల్లోపల ఈ కొత్త దారికే మళ్ళించారు. దాంతో వాక్యం మొత్తాన్ని ఒకేసారి ఇచ్చే పాత ప్రోగ్రాములు ఒక్క అక్షరం మార్చకుండానే తెలుగు సరిగ్గా చూపించాయి. ఒక్కో అక్షరాన్ని విడివిడిగా గీసుకుంటూ, వెడల్పులు తామే కూడుకునే ప్రోగ్రాములు మాత్రం పొల్లులు, విడిపోయిన గుణింతాలు చూపించాయి. రెండూ పిలిచింది అదే పిలుపు. తేడా అంతా ఎంత రాతను ఒకేసారి అప్పగించారన్న దాంట్లో ఉంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు ఇదే కాలంలో ఓవెన్ టేలర్, రాఫ్ లెవియన్ విడివిడిగా మొదలుపెట్టిన పనులు కలిసి పాంగో అయ్యాయి. 2002లో, తెరమీది కిటికీలు, బటన్లు గీసే జీటీకే 2తోపాటు పాంగో 1.0 కూర్పు వచ్చింది. పేరా మొత్తాన్ని ఒక లేఅవుట్‌కి అప్పగిస్తే వరసలు విరవడం దగ్గర్నుంచి అన్నీ అదే చూసుకుంటుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోవాలా, చివరి గుర్తు ఒక్కటే పోవాలా అన్నదానికి కూడా అందులో ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టారు. తెలుగు టైపు చేసేవాళ్ళకి అదెంత ముఖ్యమో తెలుసు. ‘స్త్రీ’లో దీర్ఘం తప్పుపడితే మాటంతా మళ్ళీ కొట్టుకోవాలని ఎవరూ కోరుకోరు.

కానీ నా మనసు గెలుచుకున్నది హార్ఫ్‌బజ్ అనే షేపర్, అంటే సంకేతాలను బొమ్మలుగా మలిచే లైబ్రరీ. ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఇస్ఫహ్‌బోద్ దాన్ని మళ్ళీ మొదటినుంచి రాశాడు. తను చేయని పనుల విషయంలో అది చాలా కచ్చితంగా ఉంటుంది. ఫాంటు వెతకదు, వరసలు విరవదు, చుక్క కూడా గీయదు. ఒక బఫర్లో రాత, పక్కన ఒక ఫాంటు ఇచ్చి ‘షేప్’ అంటే, అదే బఫర్లో బొమ్మల నంబర్లు, ఒక్కోదానికి ఎంత ముందుకి జరగాలి, ఎంత పక్కకి, పైకి, కిందికి తప్పుకోవాలి అన్న అంకెలు తిరిగిస్తుంది. రాతను ఇచ్చేటప్పుడు ముందూ వెనకా ఉన్న వాక్యాన్ని కూడా చూపించే వీలుంది, ఎందుకంటే అరబ్బీ, పారశీకం లాంటి లిపుల్లో పక్క అక్షరాన్ని బట్టే ఆకారం మారుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది క్లస్టర్ అనే అంకె. యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ‘స్త్రీ’ 18 బైట్లు. ఫాంటు ఎన్ని బొమ్మలు వాడినా వాటన్నిటి క్లస్టరూ 0 అనే వస్తుంది, తర్వాతి అక్షరం 18 దగ్గర మొదలవుతుంది. ఇవన్నీ కలిపి ఒకే అక్షరం, మధ్యలో నరకవద్దు అని ఆ అంకె చెబుతుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నిటిలోనూ ఇవాళ తెలుగును మలిచేది ఇదే.

ఇంత భారాన్ని ఒకేచోట పెడితే, అది హార్ఫ్‌బజ్ అయినా మరొకటైనా, అక్కడి లోపం అన్నిచోట్లా కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు చేరిన సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేస్తోందని అప్పట్లో వార్తలు రాశారు. ఆ మాట నన్ను బాధపెట్టింది. అక్షరం ఏ పాపమూ చేయలేదు. దాన్ని మలిచే కోడ్‌లో లోపం ఉంది, పరీక్షల్లో ఆ వరస లేదు.

ఇప్పుడు పరికరాలన్నీ ఉన్నాయి. అయినా ఆటల్లో, పీడీఎఫ్ రసీదుల్లో, వీడియోల మీది శీర్షికల్లో విరిగిన తెలుగు ఇంకా కనిపిస్తోంది. కారణం ఎప్పటిదే: ఎవరో ఒకరు అక్షరాల బొమ్మల పట్టిక పెట్టుకుని ఒక్కొక్కటి తీసి పేరుస్తున్నారు, లేదా అక్షరాల మధ్య ఎడం పెంచడానికి వాక్యాన్ని ముక్కలు చేస్తున్నారు. మీరు ప్రోగ్రాములు రాసేవారైతే నాదొక్క విన్నపం. వాక్యాన్ని మొత్తంగా షేపర్‌కి అప్పగించండి, వెడల్పు దాన్నే అడగండి, ముక్క చేయాల్సి వస్తే క్లస్టరు సరిహద్దులోనే చేయండి. మీ పరీక్షల్లో ‘స్త్రీ’, ‘జ్ఞానం’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘కై’ చేర్చండి. ప్రోగ్రాములు రాయనివారైతే, విరిగిన తెలుగు ఎక్కడ కనిపించినా తెర ఫొటో తీసి దాన్ని తయారుచేసినవాళ్ళకి పంపండి.