సాఫ్ట్‌వేర్ పని అంచనా: మనిషి-నెల నుంచి ప్లానింగ్ పోకర్ వరకు

సాఫ్ట్‌వేర్ తయారీకి పట్టే శ్రమను తొలినాళ్లలో మనిషి-నెలల్లో, అంటే ఒక మనిషి ఒక నెలలో చేసే పని లెక్కన, అంచనా కట్టేవారు. ఐబీఎంలో ఓఎస్/360 నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ పుస్తకంలో ఈ కొలత లోపాన్ని ఎత్తిచూపారు. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవారిని చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని హెచ్చరించారు. 1979లో ఐబీఎంకే చెందిన అలన్ ఆల్‌బ్రెక్ట్, సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే పనులను బట్టి దాని పరిమాణాన్ని కొలిచే ఫంక్షన్ పాయింట్లను ప్రతిపాదించారు. 1981లో బ్యారీ బోయెమ్ 63 ప్రాజెక్టుల వివరాల ఆధారంగా శ్రమను లెక్కగట్టే కోకోమో సూత్రాలను ప్రకటించారు.

నలుగురి అంచనాలను కలిపి చూసే పద్ధతికి మూలం అమెరికాలోని రాండ్ కార్పొరేషన్‌లో 1950లలో రూపొందిన డెల్ఫీ విధానం. అందులో నిపుణులు ఎవరికివారు అంచనా రాసిచ్చేవారు. ఏ అంచనా ఎవరిదో చెప్పకుండా వాటి సారాంశాన్ని అందరికీ చూపి, మళ్లీ అడిగేవారు. పేరున్నవారి మాటకు మిగతావారు తలొగ్గకుండా చూడటమే దీని ఉద్దేశం. బోయెమ్, జాన్ ఫార్క్వార్ దీనికి ముఖాముఖి చర్చను జోడించి వైడ్‌బ్యాండ్ డెల్ఫీగా మలిచారు.

1990లలో క్రైస్లర్ కంపెనీ జీతాల వ్యవస్థ కోసం చేపట్టిన సీ3 ప్రాజెక్టులో కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ తదితరులు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతులకు రూపమిచ్చారు. అక్కడ మొదట ‘ఆదర్శ దినాలు’ వాడారు. అంటే ఏ ఆటంకమూ లేకపోతే పట్టే రోజులు. వాస్తవంలో అంతకు దాదాపు మూడు రెట్ల సమయం పట్టేది. ఒక రోజు పనికి మూడు రోజులెందుకన్న ప్రశ్న పదేపదే ఎదురవడంతో రోజుల మాట వదిలి పాయింట్లు అనసాగారు. స్టోరీ పాయింటు ఒక పనిని మరో పనితో పోల్చి చెప్పే పరిమాణం. బృందం ఒక విడతలో పూర్తిచేసిన పాయింట్ల మొత్తమే దాని వేగం. తర్వాతి విడతకు ఎంత పని తీసుకోవాలో ఆ వేగాన్ని బట్టి నిర్ణయిస్తారు.

2002లో జేమ్స్ గ్రెనింగ్ ప్లానింగ్ పోకర్‌ను రూపొందించారు. ఇందులో ప్రతి ఒక్కరూ అంకె ఉన్న ముక్కను బోర్లా పెట్టి, అందరూ ఒకేసారి తిప్పుతారు. అందువల్ల అనుభవజ్ఞుల అంకె కొత్తవారిని ప్రభావితం చేయదు. అందరికంటే ఎక్కువ, తక్కువ చెప్పినవారు కారణాలు వివరిస్తారు. పనిలో దాగిన చిక్కులు బయటపడేది ఈ చర్చలోనే. 2005లో మైక్ కోన్ పుస్తకం దీనికి విస్తృత ప్రచారం తెచ్చింది. 1, 2, 3, 5, 8, 13, 20, 40, 100 అంకెలున్న ముక్కలు వాడుకలోకొచ్చాయి. పని పెద్దదయ్యేకొద్దీ అనిశ్చితి పెరుగుతుంది గనుక అంకెల మధ్య ఎడం కూడా పెరుగుతుంది.

పాయింట్లతో బృందాలను పోల్చడం, ఒత్తిడి పెట్టడం మొదలయ్యాక విమర్శలూ వచ్చాయి. విడతలవారీగా పనిచేసే స్క్రమ్ పద్ధతికి మార్గదర్శి అయిన స్క్రమ్ గైడ్ 2011లో స్ప్రింట్ (ఒక విడత) పనిని హామీ అనడం మాని ముందస్తు అంచనాగా పేర్కొంది. 2012 నుంచి వుడీ జూయిల్, అసలు అంచనాలు అవసరమా అని ప్రశ్నించే ‘నో ఎస్టిమేట్స్’ చర్చను ముందుకు తెచ్చారు. 2019లో జెఫ్రీస్, స్టోరీ పాయింట్లను కనిపెట్టింది తానే అయితే అందుకు చింతిస్తున్నానని రాశారు. పాయింటుకు విలువ దాన్ని నిర్ణయించిన బృందంలోనే ఉంటుంది కాబట్టి, రెండు బృందాల అంకెలను పోల్చడానికి ఆధారం లేదు.