కూర్చిన బండికి జన్మపత్రము



మిళిందప్రశ్న మను పాళిగ్రంథమున నొక సంవాదము కలదు. మిళిందుఁడను యవనరాజు నాగసేనుఁడను భిక్షువుకడకు రథ మెక్కి వచ్చెను. ఆ రథ మనఁగా నేది యని భిక్షువు ప్రశ్నించెను. ఇరుసా? చక్రములా? కాఁడియా? పగ్గములా? ఇవి యేవియు విడివిడిగా రథములు కావని రాజు చెప్పెను. తుద కిన్ని యంగములు కూడియున్నప్పుడు లోకవ్యవహారమునకై పెట్టుకొన్న పేరే రథమని తేలెను. మన నైయాయికులు దీని నంగీకరింపరు. నూలుపోగులు వేఱు, వానియందుఁ బుట్టిన వస్త్రము వేఱు. అవయవములకంటె నవయవి భిన్నమని వారి సిద్ధాంతము. ఒక పోగు లాగివేసినచో పాతవస్త్రము నశించి ఖండపటమను క్రొత్తవస్త్రము పుట్టునని కూడ వా రందురు.

ఈ వాదము తాటాకులలోనే నిలిచిపోయినదని తలఁపఁ బనిలేదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో మోటారుబండ్లను రిజిష్టరు చేయు కార్యాలయములలో నిది నేఁటికిని నడచుచున్నది. అచట కర్మాగారమునుండి నడచివచ్చు కార్లేగాక, విడిభాగములుగాఁ గొని యింటివద్దఁ గూర్చుకొను కార్లును గలవు. వానిని కిట్టుకార్లందురు. అట్టి కారును వేఱొక రాష్ట్రమునఁ గొని తెచ్చుకొన్నవాఁడు తన రాష్ట్రమున నంబరు పలక కోరినచో నధికారి యడుగు ప్రశ్నలు మూఁడు. దీనిని జేసిన వా రెవరు? ఇది యే సంవత్సరమునఁ బుట్టినది? ఇది దొంగసొత్తు కాదనుటకు సాక్ష్య మేమి? ఈ ప్రశ్న లెట్లు పుట్టినవో చూతము.

బండికి పలక కట్టు నాచారమునకు ఫ్రాన్సు దేశము త్రోవ చూపెను. 1893లో పారిస్ నగరపు పోలీసుశాఖ, ప్రతి మోటారుబండిపై యజమాని పేరు, నివాసము, అనుమతిసంఖ్య గల లోహపుపలక యుండవలెనని యాజ్ఞాపించెను. అమెరికాలో 1901లో న్యూయార్కు రాష్ట్రము యజమానులను రిజిష్టరు చేయించుకొని తమ పేరుల పొడియక్షరములను బండిపై నుంచుకొమ్మనెను. ఒకే పొడియక్షరములు గలవా రెందఱో యుందురు గదా! 1903లో మసాచుసెట్సు రాష్ట్రము తానే సంఖ్యలు గల పలకలను జేయించి పంచెను.

ఆ దేశమున నీ యధికారము కేంద్రప్రభుత్వమునకుఁ గాక రాష్ట్రములకుఁ జెందినది. కావున హద్దు దాఁటఁగనే చిక్కు మొదలగును. 1910లో వాషింగ్టను నగరవాసియగు హెండ్రిక్ అనునతఁడు తన కారులో పొరుగుననున్న మేరీలాండు రాష్ట్రమునఁ బ్రవేశించెను. ఆ రాష్ట్రపు రిజిష్టరు పత్రము లేదని యతనిఁ బట్టి జుల్మానా వేసిరి. వ్యాజ్యెము సుప్రీముకోర్టువఱకుఁ బోయెను. ఈ విషయమున జాతీయశాసన మేదియు లేనప్పుడు, తన బాటలపై నడచు బండ్లు పొరుగువారివైనను సరే, వానికి నియమములు చేయ రాష్ట్రమున కధికారము కలదని 1915లో న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. దొంగలు బండ్ల నొక రాష్ట్రమున నపహరించి మఱొక రాష్ట్రమున నమ్మసాగుటచే, 1919లో జాతీయశాసనసభ దొంగబండిని తెలిసి హద్దు దాఁటించుట నేరముగాఁ జేసెను. నాఁటినుండి పరరాష్ట్రపు బండిని జూచిన నధికారికి పన్నుతోపాటు దొంగతనముకూడ జ్ఞప్తికి వచ్చుట సహజము.

కర్మాగారపు కారునకు జవాబు సుళువు. దానిని జేసినవారే జన్మపత్రము వ్రాసి యిత్తురు. దేహముపై సంఖ్య చెక్కుదురు. 1981వ సంవత్సరపు నమూనాలనుండి యా సంఖ్య పదునే డక్షరములు గలదిగా దేశమంతట నొక్కరీతి నేర్పడెను. అందుఁ జేసినవారి గుఱుతును, నమూనా సంవత్సరమును గూడ నిమిడియుండును. కిట్టుకారునకో, తల్లి యొకతె, దాది యొకతె, పుట్టిన యిల్లు మఱియొకటి.

విడిభాగములుగా నమ్ముట కొకప్పుడు పన్నే కారణము. ఇంగ్లండులో 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అను చిన్నకారును వెలువరించెను. పూర్తికారుపై కొనుగోలుపన్ను కలదు, కిట్టుపై లేదు. కూర్చువిధమును దెలుపు పుస్తక మిచ్చినచోఁ బన్ను పడునని, విప్పువిధమును దెలుపు పుస్తక మిచ్చి, దానిని గడనుండి మొదటికిఁ జదువుకొమ్మనిరని యొక ముచ్చట చెప్పుకొందురు. 1973లో నా పన్ను పోయి వ్యాట్ వచ్చుటతో నీ లాభము తీఱెను.

అమెరికాలో ముచ్చట వేఱు. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్సు ఇసుకతిన్నెలపైఁ బరుగెత్తుటకు ఫైబరుగ్లాసు దేహము గల మాంక్సు అను బండిని గట్టెను. పిమ్మట వోక్సువాగన్ బీటిల్ కారు నడుగుచట్రమును గుఱుచచేసి, దానిపై నీ దేహమును నిలుపుకొనునట్లు కిట్టుల నమ్మెను. పాత చట్రమును, దానిపై సంఖ్యయు మిగిలియుండుటచే నిట్టి బండ్లు పెక్కు పాత బీటిళ్లుగానే లెక్కకు వచ్చెను. శరీరము మాఱినను జీవుఁ డొక్కఁడే యన్నట్లు!

కోబ్రా కారు విషయమున నీ యుపాయము సాగలేదు. కారోల్ షెల్బీ 1962లో నారంభించిన యా కార్లు సుమారు వేయి మాత్రమే తయారైనవి. కోరువారో వేలకొలఁది. 1995లో మసాచుసెట్సులో నేర్పడిన ఫ్యాక్టరీ ఫైవ్ సంస్థ వంటివారు కోబ్రాను బోలిన దేహమును, క్రొత్త చట్రమును నమ్మిరి. కొన్నవారు పాత ఫోర్డు మస్టాంగునుండి యంత్రాదులను దీసి యందు నమర్చుకొనిరి. చట్రము నేఁటిది, యంత్రము నిన్నటిది, రూపము 1965 నాఁటిది. ఇది యే సంవత్సరపు కారు?

ఈ ప్రశ్న వట్టి తర్కవినోదము కాదు. కాలిఫోర్నియాలో బండిపొగకు పరీక్ష కలదు. 1975వఱకు గల నమూనాలకు మినహాయింపు కలదు. సంవత్సరమును బట్టి గాలికి హాని, యజమానికి వ్యయము మాఱును. అందుచే 2001లో నారాష్ట్రము చక్కని యేర్పాటు చేసెను. ప్రత్యేకముగాఁ గూర్చిన బండ్లలో నేఁటేట మొదటి 500 బండ్లకు, దేహముయొక్క గాని యంత్రముయొక్క గాని పోలికను బట్టి సంవత్సరమును నిర్ణయింతురు. దేనిని బోలనిది 1960 నాఁటిదిగా నెంచఁబడును. కూర్చినవాఁడు తాను గూర్చిన విధమును వ్రాసి సంతకము చేయవలెను; ప్రధానభాగములు కొన్న రసీదులు చూపవలెను; భద్రతాపరీక్ష చేయింపవలెను. బాటలపోలీసులు భాగములపై సంఖ్యలను సరిచూచి బండికి క్రొత్తసంఖ్య వేయుదురు. నాగసేనుని మతమును నైయాయికుల మతమును గుమాస్తా యొకే కాగితమున సమన్వయించిన ట్లున్నది! అవయవములను వేఱువేఱుగా విచారించి, పిమ్మట నవయవికి నామకరణము చేయుచున్నాఁడు.

అన్ని రాష్ట్రములు నిట్లు చేయలేదు. కొన్నిచోట్ల కూర్చిన సంవత్సరమే వ్రాయుదురు. కొన్నిచోట్ల పోలిన సంవత్సరమును వ్రాయుదురు. కొంద ఱాసామీలు 2005లోఁ గూర్చినదానిని నిజమైన 1965 కారుగా వ్రాయించుకొని యమ్మివేయుటయుఁ గలదు. అమ్మినవానికి నష్టము లేదు. దూరదేశమునుండి కొని తెచ్చుకొన్నవాఁడు తన యూరి కార్యాలయమున నిలుచున్ననాఁడు, కాగితమందలి 1965నకును, చట్రముపై సంఖ్యకును బొత్తు కుదరదు. రసీదులు మొదటివాని పెట్టెలో నుండిపోవును. ధనము పోసి కొన్న బండి బాట నెక్కక యింటివాకిట నిలుచును. అబద్ధ మాడినవాఁ డొకఁడు, దండుగ యిచ్చువాఁ డొకఁడు.

మన దేశమునను 1914నాఁటి మోటారుచట్టము మొదలు రిజిష్టరు నియమములు కలవు. ఇప్పుడు నడచుచున్న 1988నాఁటి చట్టము ననుసరించి, బండిని పండ్రెండు నెలలకు మించి పరరాష్ట్రమున నుంచినచోఁ గ్రొత్తసంఖ్య తీసికొనవలెను. పాతచోటినుండి నిరాక్షేపణపత్రము తేవలెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడి టీఎస్ అను నక్షరములు పొందెను. 2024లో నవి టీజీ యయ్యెను. ఇవి పేరు మాఱుటలే గాని పుట్టుక మాఱుటలు కావు. ఏలయన మన చట్టము చేసినవారు వ్రాసియిచ్చిన వివరములనే ప్రమాణముగాఁ గొని, వానికి విరుద్ధమగు మార్పును యజమాని చేయరాదనును. అమెరికావారు కూర్చినవానినే చేసినవానిగా నంగీకరించి, యతని మాటకు సాక్ష్య మడిగిరి.

ఈ చరిత్రమువలనఁ దేలున దొక్కటి. బండికి జన్మ మిచ్చునది సుత్తియు మరమేకులును. పేరిచ్చునది మాత్రము సాక్ష్యము. తనచేతులతోఁ గూర్చినవాఁడు ప్రతి రసీదును భద్రపఱిచి, కూర్చిన సంవత్సరమును నిజముగా వ్రాసి, యమ్మునాఁ డవి యన్నియు బండితోఁ గూడ నప్పగించినచో, నా బండి యే హద్దు దాఁటినను తన పేరు తాను చెప్పుకొనఁగలదు.