అటక మీది కంప్యూటరు, అమ్మ పాటలు

దసరాకి ముందు అటక దులుపుతుంటే, 2009లో పిల్లల చదువుకని కొన్న కంప్యూటరు బయటపడింది. "పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నారు మావారు. దాని పక్కనే అట్టపెట్టెలో అమ్మ పాడిన క్యాసెట్లు, పదకొండు. మంగళహారతులు, పెళ్ళిపాటలు, తులసమ్మ పాటలు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. మా టేప్‌రికార్డరు అంతకుముందే మూలపడింది.

"దీన్ని పాటలపెట్టె చేసేద్దామమ్మా, సాఫ్ట్‌వేరుకి పైసా ఖర్చు లేదు" అన్నాడు మా అబ్బాయి. ఊరికే ఎవరిస్తారురా అన్నాను. వాడు కొంత చెప్పాడు, మిగతాది నేనే వెతుక్కుని చదివాను.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ప్రోగ్రాములని అందరూ వాడుకోవాలి, మార్చుకోవాలి, పంచుకోవాలి అంటూ గ్నూ అనే పని మొదలుపెట్టాడు. 1989లో దానికి జీపీఎల్ అనే లైసెన్సు రాశాడు. తీసుకున్నవాళ్ళు ఎలాగైనా మార్చుకోవచ్చు, కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ హక్కులన్నీ వాళ్ళకీ ఇవ్వాలి. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి లినక్స్ మొదలుపెట్టి, మరుసటేడు ఈ లైసెన్సు కిందికే తెచ్చాడు.

ఇది చదవగానే అమ్మ పాటల పుస్తకం గుర్తొచ్చింది. వీధిలో ఎవరడిగినా ఇచ్చేది. "రాసుకో, కానీ నిన్నెవరైనా అడిగితే లేదనకు" అనేది. చివరికి ఆ పుస్తకం ఎవరింట్లోనో ఉండిపోయింది. మాకు మిగిలినవి ఈ క్యాసెట్లే.

పాటల దాపకంలోనూ ఇలాంటి కథే ఉంది. ఎమ్‌పీత్రీ మీద పేటెంట్లుండేవి. 2017 దాకా దానికి లైసెన్సు రుసుములు వసూలు చేశారు. 2001లో ఫ్లాక్, 2002లో ఆగ్ వోర్బిస్ ఎవరైనా వాడుకునేలా వచ్చాయి. ఎమ్‌పీత్రీ మన చెవి పట్టించుకోని శబ్దాలని తీసేసి సైజు తగ్గిస్తుంది. ఫ్లాక్ అయితే చీర మడతపెట్టినట్టే, విప్పితే అంచూ కొంగూ అన్నీ ఉంటాయి. నేను ఫ్లాకే కావాలన్నాను.

పక్కింటి వదినగారి టేప్‌రికార్డరు అడిగి తెచ్చి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకి వైరు కలిపాం. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాముతో ఎక్కించాం. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. నాలుగోది తెగింది. సెలోటేపుతో అతికించినా ఒక హారతిలో రెండు చరణాలు పోయాయి. ఆ రోజు అన్నం సయించలేదు.

ఇప్పుడు ఆ కంప్యూటరు టీవీ బల్ల కింద ఉంది. తెర లేదు. ఎమ్‌పీడీ అనే ప్రోగ్రాము పాటలు వినిపిస్తుంది, ఎంచుకోవడానికి ఫోను చాలు. ఏడో క్యాసెట్‌లో అమ్మ పాట మధ్యలో ఆగి, "పాలు చూడవే, పొంగుతాయి" అంటుంది. అది నాతోనే. అబ్బాయి దాన్ని కత్తిరించబోతే వద్దన్నాను.

హార్డ్‌డిస్కు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది కదా, అందుకని పెన్‌డ్రైవుల్లో వేసి అక్కకీ, పిన్నికీ, వదినగారికీ ఇచ్చాను. అడిగినవాళ్ళకి లేదనకూడదని షరతు పెట్టాను.

మీ అటక మీదా క్యాసెట్లుంటే ఈ నెలలోనే దింపండి. టేపు బూజు పడితే తర్వాత ఎంత తుడిచినా గొంతు సరిగా రాకపోవచ్చు.